జ్వరం దిగాక 48 గంటలు: డెంగీ వార్డులో నా అనుభవం

"జ్వరం ఏ రోజు, ఏ పూట మొదలైంది?"

మా జ్వరాల వార్డులోకి కొత్త పేషెంటు రాగానే నేను ముందు అడిగేది ఇదే. వెంట వచ్చినవాళ్ళకు ఆ ప్రశ్న చెవికెక్కదు. ఫోన్ తీసి ల్యాబ్ రిపోర్టు నా ముందు పెడతారు. "సిస్టర్, ప్లేట్‌లెట్లు ఎనభై వేలకొచ్చినయ్, జర జల్ది చూడుండ్రి" అంటారు. రిపోర్టు చూస్తాను. అయినా కేస్‌షీట్ పైన ఎర్ర సిరాతో రాసేది మాత్రం జ్వరం మొదలైన తేదీ, పూట. సోమవారం సాయంత్రం ఒళ్ళు కాలడం మొదలైతే మంగళవారం సాయంత్రానికి ఒక రోజు నిండినట్టు. చాలామంది ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి లెక్కపెట్టుకుంటారు. అలా రెండు మూడు రోజులు తేడా పడితే, కంటి మీద కునుకు లేకుండా చూసుకోవాల్సిన రాత్రిని మామూలు రాత్రి అనుకుని పడుకుంటారు.

ఇంత పట్టింపు ఎందుకంటే, డెంగీ ఒక వరస ప్రకారం నడిచే జబ్బు. మొదట జ్వరం రోజులు. తర్వాత రక్తనాళాలు కారే రోజులు. ఆపైన కారిన నీరు తిరిగి రక్తంలోకి వచ్చే రోజులు. ప్రమాదమంతా నడిమి భాగంలో ఉంటుంది, అది మొదలయ్యేది జ్వరం దిగేటప్పుడు. హైదరాబాద్‌లో జూలై నుంచి నవంబరు దాకా వార్డులు నిండిపోతాయి. ఆ నెలల్లో చెయ్యి దాటిపోయే స్థితిలో తెచ్చిన పేషెంట్లలో ఎక్కువమంది ఇంట్లోవాళ్ళు చెప్పేది ఒకటే మాట: "నిన్న జరం తగ్గింది సిస్టర్, మంచిగైందనుకున్నం."

డెంగీని మోసే ఏడిస్ పగటి దోమ. నల్లటి ఒళ్ళు, కాళ్ళ మీద తెల్లని చారలు. తెల్లవారాక రెండు మూడు గంటలు, మళ్ళీ పొద్దుగూకే ముందు ఎక్కువగా కుడుతుంది. ఒకరి మీద వాలి కడుపు నిండకపోతే పక్కనున్నవాళ్ళ మీద వాలుతుంది, అందుకే ఒకే ఇంట్లో ముగ్గురు నలుగురు వరసగా పడిపోతారు. వైరస్ ఉన్న దోమ కుట్టాక జ్వరం రావడానికి 4 నుంచి 10 రోజులు పడుతుంది. ఈలోగా వైరస్ చర్మంలో కాపలా కాసే కణాల్లోకి దూరుతుంది. వాటి మీదుగా లింఫు గ్రంథులకు చేరి, అక్కడ పెరిగి రక్తంలో పడుతుంది. కాలేయానికి, ఎముక మూలుగకు పాకుతుంది. దాన్ని తరమడానికి ఒళ్ళు విడుదల చేసే రసాయనాల వల్లే 103, 104 డిగ్రీల జ్వరం, కళ్ళ వెనక పోటు, నడుమూ కీళ్ళూ విరిచేసినట్టు నొప్పి. కళ్ళు పక్కకు తిప్పినా నొప్పేనంటారు పేషెంట్లు. ముఖం, మెడ, ఛాతీ ఎర్రగా కందినట్టు ఉంటాయి. నోటికి రుచి తెలియదు, అన్నం చూస్తే వికారం.

ఈ జ్వరం 2 నుంచి 7 రోజులు ఉంటుంది. మొదటి రెండు రోజుల్లో రక్తపరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు 2 లక్షలు ఉండొచ్చు. అది చూసి డెంగీ కాదనుకుంటే పొరపాటే. ముందుగా పడిపోయేవి తెల్లకణాలు. వైరస్ మూలుగను అణచడంతో 4 వేలకో అంతకంటే దిగువకో వస్తాయి. జ్వరం మూడో రోజున తెల్లకణాలు 3,000, ప్లేట్‌లెట్లు 1,60,000 అని రిపోర్టు వస్తే ఇంట్లోవాళ్ళు ప్లేట్‌లెట్లు బాగున్నాయని ఊపిరి పీల్చుకుంటారు. నేను ఆ తెల్లకణాల అంకె చూసి మర్నాటికి మళ్ళీ శాంపిల్ తీయాలని రాసుకుంటాను.

మంచం దగ్గరే చేయగలిగిన పరీక్ష ఇంకొకటి ఉంది, టూర్నికే టెస్ట్. బీపీ పట్టీ చేతికి చుట్టి, పై బీపీకీ కింది బీపీకీ సరిగ్గా మధ్య అంకె దాకా గాలి నింపి, 5 నిమిషాలు అలాగే ఉంచుతాం. 120/80 ఉన్న మనిషికి 100 దగ్గర. పట్టీ విప్పాక రెండు నిమిషాలు ఆగి, మోచేతి మడత కింద చర్మం మీద అంగుళం పొడవు, అంగుళం వెడల్పు గీసుకుని అందులో ఎర్రచుక్కలు లెక్కపెడతాం. ఆవగింజ కంటే చిన్నవి, వేలితో నొక్కినా పోవు. 10, అంతకు మించి ఉంటే సన్న నాళాలు బలహీనపడ్డాయని అర్థం. ముదురు రంగు చర్మం మీద కనిపెట్టడం కష్టం, టార్చి పక్కనుంచి వేసి చూడాలి. చుక్కలు రాకపోయినంత మాత్రాన డెంగీ కాదని చెప్పలేం.

ల్యాబ్ పరీక్షల్లో ఎన్‌ఎస్1 వైరస్ సొంత ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. జ్వరం మొదలైన తొలి 5 రోజుల్లో పనికొస్తుంది. ఐదో రోజు నుంచి ఐజీఎం పరీక్ష, వైరస్ మీద ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీని పట్టుకునేది. ఏడో రోజున ఎన్‌ఎస్1 ఒక్కటే చేయించి "నెగెటివ్ వచ్చింది, డెంగీ లేదు" అని రావడం మామూలైపోయింది. ఐజీఎం రెండు మూడు నెలల దాకా రక్తంలో ఉంటుంది కాబట్టి అది పాజిటివ్ వచ్చినా, ఇప్పటి జ్వరానిదా, కిందటి నెలదా అని ఆలోచించాలి. పది నిమిషాల్లో గీతలు చూపించే కార్డు పరీక్షను నిర్ధారణగా తీసుకోరు, ఎలైజా అనే ల్యాబ్ పరీక్ష చేయాలి. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) లాంటి ప్రభుత్వ కేంద్రాల్లో ఎలైజా చేస్తారు. అయితే చికిత్స ఈ రిపోర్టు కోసం ఆగకూడదు. సీజన్‌లో లక్షణాలు కనిపిస్తే డెంగీ అనుకునే మొదలుపెడతాం, మలేరియా ఉందేమో చూడటానికి రక్తపు స్మియర్ కూడా పంపుతాం.

జ్వరం రోజుల్లో మందు పారాసిటమాల్ ఒక్కటే. పెద్దవాళ్ళకు 500 లేదా 650 మిల్లీగ్రాములు, 6 గంటలకు ఒకటి. పిల్లలకు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున. దీనితో జ్వరం 104 నుంచి 101కి వస్తే చాలు, పూర్తిగా పోవాలని రెండేసి మాత్రలు వేసుకోకూడదు. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది, అది గమనించక రెండూ వేసుకుంటే ముందే వాచి ఉన్న కాలేయానికి ఇంకో దెబ్బ. గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళు తుడవండి, ఐసు నీళ్ళు వద్దు.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ఈ జ్వరంలో వద్దు. ఒంటి నొప్పులకని వీధి చివర క్లినిక్‌లో పిరుదుకు డైక్లోఫెనాక్ సూది వేయించుకుని వస్తారు. ఆ మందు ప్లేట్‌లెట్ల పని చెడగొడుతుంది, కడుపు గోడను ఒరుస్తుంది. సూది గుచ్చిన కండలో రక్తం చేరి అరచేయంత నల్లటి వాపు తేలుతుంది. దానికి తోడు కొందరికి స్టెరాయిడ్ సూది కూడా పడి ఉంటుంది. జ్వరం గంటలో చల్లబడుతుంది, జబ్బు మాత్రం లోపల తన వరసలో తాను పోతూనే ఉంటుంది. గుండెకు స్టెంట్ వేయించుకుని రోజూ ఆస్పిరిన్ వాడేవాళ్ళు మాత్రం సొంతంగా మానకుండా ఆ రోజే డాక్టరును అడగాలి.

తాగేది ఎంత, ఏమిటి అన్నది మందు కంటే ముఖ్యం. పెద్దవాళ్ళకు రోజుకు రెండున్నర లీటర్ల దాకా, గుక్క గుక్కగా. ఉప్పేసిన గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్ళు, ఓఆర్ఎస్. వట్టి మంచినీళ్ళే లీటర్ల కొద్దీ పట్టిస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. ఓఆర్ఎస్ అంటే 20.5 గ్రాముల ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో వేసి తాగిస్తే ఉప్పు మోతాదు మించిపోతుంది. మెడికల్ షాపుల్లో ఓఆర్ఎస్ పేరుతో అట్టపెట్టెల్లో అమ్మిన తియ్యటి పానీయాలు వేరు, వాటిలో చక్కెర ఎక్కువ. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడటానికి ఇచ్చిన అనుమతులు వెనక్కి తీసుకుంది. బీట్‌రూట్, దానిమ్మ రసాలు ఈ నాలుగు రోజులు పక్కన పెట్టమంటాను. వాంతి ఎర్రగా అయితే అది రసమో రక్తమో అర్ధరాత్రి తేల్చలేం.

నాలుగో రోజో ఐదో రోజో జ్వరం దిగుతుంది. ఒళ్ళు చల్లబడుతుంది, చెమట పడుతుంది, పేషెంటు కళ్ళు తెరిచి ఇంటి సంగతులు మాట్లాడతాడు. "సిస్టర్, ఇంటికి తీస్కపోతం, మల్ల రేపొస్తం" అంటారు ఇంట్లోవాళ్ళు. వాళ్ళను కూర్చోబెట్టి చెప్పేది ఇది: రక్తంలో వైరస్ నిజంగానే తగ్గింది. ఇప్పుడు దెబ్బ తీస్తున్నది వైరస్ కన్నా దాన్ని చంపడానికి ఒళ్ళు చేసిన గలాటా. రక్తనాళాల లోపలి గోడకు సన్నటి జిగురు పూత ఉంటుంది, నీళ్ళనూ ప్రోటీన్లనూ నాళం దాటి పోకుండా ఆపేది అదే. ఎన్‌ఎస్1 ప్రోటీన్, రోగనిరోధక కణాలు వదిలిన రసాయనాలు కలిసి ఆ పూతను గీకేస్తాయి. మట్టికుండ చెమర్చినట్టు నాళాలు చెమర్చడం మొదలవుతుంది. బయటికి పోయేది రక్తంలోని పసుపు నీరు, అంటే ప్లాస్మా. ఎర్రకణాలు పెద్దవి, అవి లోపలే ఉండిపోతాయి. దానితో రక్తం చిక్కబడుతుంది.

ఆ చిక్కదనాన్ని కొలిచేది పీసీవీ, రక్తంలో ఎర్రకణాలు నూటికి ఎన్ని వంతులో చెప్పే అంకె. కొన్ని రిపోర్టుల్లో హెమటోక్రిట్ అని ఉంటుంది. నా దృష్టిలో డెంగీ రిపోర్టులో ముందు చూడాల్సింది ఇదే. మొదటి రోజుల్లో 40 ఉన్నది 48కి వస్తే 20 శాతం పెరిగినట్టు, అంటే బాగా కారుతున్నట్టు. ల్యాబ్ కాగితం మీద 48 నార్మల్‌లోనే ఉండొచ్చు. రక్తహీనత ఉన్న ఆడవాళ్ళ దగ్గర ఇది మరీ మోసం చేస్తుంది. మామూలుగా 30 ఉండే మనిషికి 36 వస్తే కాగితం "తక్కువ" అనే చూపిస్తుంది, నిజానికి ఆమెకు అదే 20 శాతం పెరుగుదల. అందుకే జ్వరం రెండో మూడో రోజున ఒక సీబీపీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) చేయించి దాచుకోమంటాం, పోల్చుకోవడానికి ఆ అంకె కావాలి.

కారిన నీరు ఎక్కడికి పోతుంది? ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది, ముందు కుడి వైపు. పొట్టలో చేరుతుంది. స్కాన్ తీస్తే పిత్తాశయం గోడ ఉబ్బి కనిపిస్తుంది, దాన్ని మామూలు పిత్తాశయం ఇన్‌ఫెక్షన్‌గా పొరబడి ఆపరేషన్ దాకా పోయే ప్రమాదం ఉంది. కాలేయం వాచి కుడి పక్కటెముకల కింద నొప్పి వస్తుంది. జ్వరం దిగాక వచ్చే కడుపు నొప్పిని గ్యాస్ అని ఇంట్లో సర్దుకోకూడదు. ఆగకుండా వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, తారులాంటి నల్లటి విరేచనం, ఆడవాళ్ళకు తేదీ కాకుండా నెలసరి రావడం, పేషెంటు మరీ మగతగా ఉండటం లేదా ఊరికే చిరాకుపడటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గంటల్లో ఆసుపత్రిలో ఉండాలి. గర్భిణులు, ఏడాది లోపు పిల్లలు, పెద్ద వయసువాళ్ళు, షుగరు, కిడ్నీ జబ్బు, బాగా లావు ఉన్నవాళ్ళు అయితే ఈ గుర్తుల కోసం ఆగకుండానే చేరడం మంచిది.

ఇక బీపీ. రాత్రి 10 గంటలకు 110/70. పన్నెండుకు 106/74. రెండు గంటలకు 100/80. ఈ మూడు అంకెలు వరసగా చూస్తే నాకు గుండె జారుతుంది, పక్కనున్న బంధువుకు మాత్రం "హండ్రెడ్ బై ఎయిటీ, నార్మలే కదా" అనిపిస్తుంది. పైదానికీ కిందదానికీ మధ్య తేడా చూడండి: 40 నుంచి 32, అక్కణ్ణుంచి 20. నాళాల్లో నీరు తగ్గుతుంటే గుండె, మెదడు ఎండిపోకుండా ఒళ్ళు చేతులకూ కాళ్ళకూ పోయే నాళాలను బిగించేస్తుంది. బిగిస్తే కింది బీపీ పెరుగుతుంది. తేడా 20కో అంతకు తక్కువకో వచ్చిందంటే షాక్ మొదలైనట్టే. పై బీపీ పడిపోవడం ఆ తర్వాతి మెట్టు, అది పడ్డప్పుడు ఉన్నపళంగా పడుతుంది. ఎప్పుడూ 150 ఉండే బీపీ పేషెంటుకు 110 వచ్చినా అది పడిపోయినట్టే లెక్క.

మిషన్ లేకపోయినా చేతితో తెలుసుకోవచ్చు. పేషెంటు చేతిని గుండె ఎత్తున పట్టుకుని, వేలి గోరును 5 సెకన్లు గట్టిగా నొక్కి వదలాలి. తెల్లబడ్డ గోరు 2 సెకన్లలోపు గులాబీ రంగుకు తిరగాలి. మూడు, నాలుగు సెకన్లు పట్టిందంటే రక్తం వేళ్ళదాకా రావడం లేదు. పాదాలు ముట్టుకుంటే చల్లగా, తేమగా ఉంటాయి. నాడి వేగంగా, సన్నగా కొట్టుకుంటుంది. ఇంత జరుగుతున్నా మనిషి తెలివిలోనే ఉంటాడు, పేరడిగితే చెప్తాడు, మంచినీళ్ళడుగుతాడు. డెంగీ షాక్‌ను ఆలస్యంగా గుర్తించడానికి పెద్ద కారణం ఇదే.

మూడో కొలత మూత్రం. గంటకు కిలో బరువుకు అర మిల్లీలీటరు రావాలి, 60 కిలోల మనిషికి గంటకు 30. ఇంట్లో ఉన్నవాళ్ళయితే 4 నుంచి 6 గంటలకు ఒకసారైనా పోవాలి. నేను పేషెంటు వెంట ఉండేవాళ్ళకు ఒక కొలత డబ్బా, ఒక కాగితం ఇస్తాను. ఒక వైపు తాగింది, రెండో వైపు పోసింది, టైముతో సహా. చదువు రాని తల్లులు గ్లాసుకు ఒక గీత చొప్పున గీస్తారు. రౌండ్స్‌లో డాక్టరుగారు ముందు చూసేది ఆ గీతల కాగితమే.

సెలైన్ ఎక్కించడంలో అసలు నేర్పు ఎంత, ఎప్పటిదాకా అన్నదే. నోటితో తాగలేకపోతున్నా, ప్రమాద గుర్తులున్నా నార్మల్ సెలైన్ లేదా రింగర్ లాక్టేట్ పెడతారు. వట్టి గ్లూకోజు సీసా దీనికి పనికిరాదు, అది నాళాల్లో నిలవదు. గంటకు కిలోకు 5 నుంచి 7 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి ఒకటి రెండు గంటల తర్వాత 3 నుంచి 5కి, ఆపైన 2, 3కి దించుతారు. 60 కిలోల మనిషికి 5 అంటే గంటకు 300 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు 20 చుక్కల సెట్టు అయితే నిమిషానికి 100 చుక్కలు. 2కి దించితే నిమిషానికి 40. షాక్‌లో ఉంటే లెక్క వేరు, కిలోకు 10 నుంచి 20 మిల్లీలీటర్లు పావుగంటలో కూడా ఎక్కించాల్సి వస్తుంది. ప్రతి మార్పుకు ముందూ తర్వాతా పీసీవీ చూస్తారు. పీసీవీ దిగి నాడి నెమ్మదిస్తే సరిపోయిందని అర్థం. పీసీవీ దిగినా నాడి పరుగెత్తుతూ చేతులు చల్లగానే ఉంటే లోపలెక్కడో రక్తం పోతోంది. అప్పుడు కావాల్సింది రక్తం.

ఈ కారడం 24 నుంచి 48 గంటలే. దానంతట అదే ఆగుతుంది. ఆ రెండు రోజులు నాళాలు ఖాళీ కాకుండా నిలబెట్టుకుంటే మనిషి దక్కినట్టే. అందుకే జ్వరం దిగిన పూటను కూడా కేస్‌షీట్ మీద రాస్తాను, మొదలైన పూట కిందే.

ఇప్పుడు ప్లేట్‌లెట్ల సంగతి. హైదరాబాద్‌లో సీజన్ రాగానే కివీ, డ్రాగన్ పండ్లు కొనేవాళ్ళు పెరుగుతారు, బొప్పాయి ఆకులు కోసుకుపోతారు, వాట్సాప్ గ్రూపుల్లో దాతల కోసం మెసేజులు తిరుగుతాయి. ఆ ఆరాటం నాకు అర్థమవుతుంది. మనవాళ్ళ ప్రాణం ఆ అంకె మీద ఉందని అనుకున్నప్పుడు ఎవరైనా అదే చేస్తారు. కానీ ప్లేట్‌లెట్లు తగ్గడం, నాళాలు కారడం రెండు వేర్వేరు పనులు. మూలుగ అణగిపోవడం వల్ల, యాంటీబాడీలు తగులుకుని నాశనమవడం వల్ల, నాళాల గోడల దగ్గర ఖర్చవడం వల్ల అవి తగ్గుతాయి. ఐదు నుంచి ఏడో రోజు మధ్య అట్టడుగుకు పోయి వాటంతట అవే లేస్తాయి. 18 వేలతో మంచం మీద కూర్చుని ఇడ్లీ తిన్నవాళ్ళున్నారు. 70 వేలతో షాక్‌లోకి పోయినవాళ్ళున్నారు.

రక్తస్రావం లేనప్పుడు 10 వేల లోపుకు పడితేనే ఎక్కించే ఆలోచన. రక్తస్రావం ఉంటే అంకెతో పని లేకుండా డాక్టర్లు నిర్ణయిస్తారు. ఒక్కో దాత రక్తం నుంచి తీసే మామూలు యూనిట్ 50 నుంచి 70 మిల్లీలీటర్లు, దానితో 5 నుంచి 10 వేలు పెరుగుతాయి. ఒకే దాతను మిషన్‌కు కలిపి తీసే ఎస్‌డీపీతో 30 నుంచి 60 వేలు. కారుతున్న రోజుల్లో ఎక్కించినవి కూడా గంటల్లోనే ఖర్చయిపోతాయి. పైగా అలర్జీ, అదనపు నీటి బరువు. బొప్పాయి ఆకు పసరు తాగించి తీసుకొచ్చిన పేషెంట్లలో వాంతులు ఎక్కువగా చూస్తాను. తాగిన మజ్జిగ కూడా బయటికొచ్చేస్తే ఆ పసరు మేలు చేసిందెక్కడ? ఇంకో సంగతి, ఊదారంగు మూత గొట్టంలో రక్తం సరిగా కలపకపోతే, కొందరిలో కలిపినా, ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుని మిషన్ తక్కువ లెక్క చూపిస్తుంది. పొద్దున 90 వేలు, సాయంత్రం వేరే ల్యాబ్‌లో 35 వేలు అని కంగారుపడేముందు స్లైడ్ మీద కంటితో లెక్క చూడమని అడగండి.

కోలుకుంటున్నట్టు ఎలా తెలుస్తుంది? ముందు ఆకలి వేస్తుంది. "సిస్టర్, పప్పన్నం తినొచ్చా" అని పేషెంటు తానే అడిగిందంటే నాకు సగం దిగులు తీరిపోతుంది. తెల్లకణాలు లేస్తాయి, ప్లేట్‌లెట్లు వాటి వెనకాల లేస్తాయి. చేతులు, కాళ్ళ మీద చర్మమంతా ఎర్రబారి, మధ్య మధ్యలో గుండ్రటి తెల్లమచ్చలు వదిలినట్టు కనిపిస్తుంది. అరిచేతులు, అరికాళ్ళు దురద. మందు రియాక్షన్ అని భయపడతారు, రెండు మూడు రోజుల్లో పోతుంది. నాడి నిమిషానికి 50, 55కి తగ్గడం కూడా ఈ దశలో చూస్తాం.

సరిగ్గా ఈ దశలోనే ఇంకో తప్పు జరుగుతుంది. బయటికి కారిన నీరు 48 నుంచి 72 గంటల్లో తిరిగి రక్తంలోకి వస్తుంది. అప్పటికీ సెలైన్ ఆపకపోతే రెండు వైపుల నుంచీ నీరు వచ్చి ఊపిరితిత్తుల్లో నిండుతుంది. పడుకుంటే ఆయాసం, దగ్గు, కళ్ళ కింద ఉబ్బు. "నీరసంగుంది, ఇంకో సీసా ఎక్కియ్యుండ్రి" అని బంధువులు బతిమాలుతారు. ఆ సీసా ఎక్కించకపోవడమే ఆ పూట మేము చేసే వైద్యం. నీరసం నోటితో తినడం వల్లే తీరుతుంది.

మందుల్లేకుండా రెండు రోజులు జ్వరం రాకపోతే, ఆకలి, మూత్రం బాగుంటే, పీసీవీ నిలకడగా ఉంటే, ప్లేట్‌లెట్లు 50 వేలు దాటి పెరిగే దారిలో ఉంటే ఇంటికి పంపుతారు. లక్షన్నర అయ్యేదాకా మంచం పట్టుకుని ఉండక్కర్లేదు. రెండు మూడు వారాలు అలసట, నెమ్మదితనం ఉంటాయి. రెండు మూడు నెలలకు జుట్టు దువ్వెనకు కుచ్చులుగా వస్తుంది, అది తిరిగి మొలుస్తుంది.

డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. ఒకటి వచ్చిపోతే ఆ రకం మళ్ళీ రాదు, మిగతా మూడూ రావచ్చు. రెండోసారి వేరే రకం సోకినప్పుడు పాత యాంటీబాడీలు కొత్త వైరస్‌ను పట్టుకుంటాయి గానీ చంపలేవు, పైగా దాన్ని కణాల్లోకి దూరడానికి మోసుకుపోతాయి. అందుకే రెండోసారి తీవ్రమయ్యే అవకాశం ఎక్కువ. డిశ్చార్జ్ కాగితాలు పారేయకండి. మళ్ళీ జ్వరం వస్తే, "ఇంతకు ముందు ఫలానా నెలలో డెంగీ వచ్చింది" అని చూపించడానికి అవి కావాలి.

పేషెంటుకు జ్వరం ఉన్న తొలి ఐదు రోజుల్లో కుట్టిన దోమ వైరస్ ఎక్కించుకుని, 8 నుంచి 12 రోజుల తర్వాత దాన్ని పంచడం మొదలుపెడుతుంది. అందుకే వార్డులో పగలు కూడా దోమతెర కట్టమంటాం, ఉక్కగా ఉందని తీసేస్తుంటారు. ఇంటి దగ్గర నల్లా రోజు విడిచి రోజు వచ్చే బస్తీల్లో నీలం డ్రమ్ములు తప్పవు. ఏడిస్ గుడ్లు నీళ్ళలో కాకుండా నీటి అంచుకు కాస్త పైన, డ్రమ్ము గోడకు అంటుకుని ఉంటాయి. నీళ్ళు పారబోసినా అవి పోవు, ఎండిపోయినా నెలల తరబడి బతికి, మళ్ళీ నీరు తగలగానే పిల్లలవుతాయి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు. కాబట్టి వారానికోసారి డ్రమ్ము లోపలి గోడను పీచుతో గట్టిగా రుద్ది, కడిగి, గుడ్డ కట్టి మూత పెట్టాలి. కూలర్ తొట్టి, ఫ్రిజ్ వెనక ట్రే, మనీప్లాంట్ సీసా, సెల్లార్‌లో లిఫ్ట్ గుంట, సంపు మూత సందు, మేడ మీద పాత టైరు కూడా అంతే.

డిశ్చార్జ్ రోజున ఆ ఇంటి పెద్దావిడకు ఒక చిన్న పని అప్పగిస్తాను. "అమ్మా, వచ్చే రెండు మూడు వారాల్లో మీ ఇంట్లో ఇంకెవరికైనా ఒళ్ళు కాలితే, గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ మీద గుర్తు పెట్టి, పొద్దున్నా, సాయంత్రమా రాయి. వచ్చేటప్పుడు ఆ కాగితం చింపుకునిరా."